సిస్టరమ్మ పుట్టిన ఇల్లు

"గుమ్మానికి అడ్డంగా నిలబడితే ఎలాగమ్మా? లోపలికైనా రా, పక్కకైనా జరుగు!"

వచ్చినవాళ్లకి ఇల్లు చూపించే హేమ గట్టిగానే అంది. అనదూ మరి? బస్సు దిగిన జనమంతా ఆ చిన్న గుమ్మంలోంచే వెళ్లాలి.

ముసలమ్మ పక్కకి ఒత్తిగిలింది గానీ లోపలికి మాత్రం రాలేదు.

అది తవిటమ్మ పుట్టిన ఇల్లు. శ్రీకాకుళం అవతల, సముద్రం ఒడ్డున. చేపల వేటకెళ్లే వాళ్లింటి పిల్ల. సిస్టర్ల హాస్టల్లో చదివి, తనూ సిస్టరమ్మయి, కుష్టు రోగుల పుళ్లు కడుగుతూనే పోయింది. రోము ఇంకా ఏమీ తేల్చలేదు గానీ, జనం ఎప్పుడో సెయింటుని చేసేసుకున్నారు.

బస్సు వెళ్లిపోయింది. ముసలమ్మ అక్కడే ఉంది.

"నువ్వా బస్సు మనిషివి కావేటి?"

"ఒక్కదాన్నే తల్లీ. ఆటోలో వచ్చినాను."

"అయితే రా, సూపిస్తాను."

"వద్దమ్మా. ఇక్కణ్నుంచి అవుపిస్తన్నాది."

గదిలో అద్దాల పెట్టె. అందులో తవిటమ్మ చిన్నప్పటి గౌను. ముసలమ్మ దాన్నే చూస్తోంది.

"ఓపాలి అది ఇలా తెచ్చి ముట్టుకోనిస్తావేటి?"

"బాగుంది! నీకోసం వీధిలోకి తేవాలా? లోపలికొచ్చి పెట్టె మీద సెయ్యెయ్యి. అందరూ అలాగే సేస్తన్నారు."

ముసలమ్మ గౌను మీంచి చూపు తిప్పలేదు.

"సిన్నప్పుడు బాగా ఏడిసేదా, అమ్మీ?"

"నాకేటి తెలుస్తాది! నేనప్పటికి పుట్టనేదు."

ముసలమ్మ నవ్వింది. కొంగుతో మొహం తుడుచుకుని, వెనక్కి చూసుకుంటూ రోడ్డెక్కింది.

పెరట్లో ఎండుచేపలు తిరగేస్తున్న అసిరమ్మ అప్పుడొచ్చింది. హేమకి మామ్మ, తవిటమ్మకి మేనత్త.

"ఎవులితోటే, అంతసేపు మాటలు?"

"ఎవులో పిచ్చి ముసిల్ది. గడప దాటదంట. గౌను మాత్రం బయటికి తెచ్చియ్యాలంట."

అసిరమ్మ అలాగే ఆగిపోయింది.

"గడప దాటనేదా? ఒసే, ఆ గౌను అట్టుకుని ఉరుకే! ఉరుకు!"

హేమ పెట్టె తాళం తీసి, గౌనుతో సరుగుడు తోట దాకా పరిగెత్తింది. ఆటో లేదు. ఉత్త రోడ్డు.

తిరిగొచ్చేసరికి అసిరమ్మ గుమ్మంలో కూలబడి ఉంది.

"ఎవులు మామ్మా ఆవిడ?"

"పుట్టిన బిడ్డలు దక్కకపోతే మనోళ్లేటి సేస్తారు? మళ్లీ పుట్టినదాన్ని సేటలో ఎట్టి పక్కింటికి ఇచ్చేసి, తవుడు తీసుకుంటారు. సావుకి గురుతు తెలీకుండా. మర్నాడు తిరిగి తెచ్చుకుంటారు."

"ఊఁ."

"మా వదినకి పిల్లల్నేరు. సేటలో వచ్చిన పిల్లని వదల్నేక ఏడిసినాది. మర్నాడు పిల్లని తీసుకుపోడానికొచ్చిన ఆ మనిషి అది సూసి, ఈ గడప తొక్కితే నా పిల్లని నాకిమ్మని అడిగేస్తానని, తొక్కనని ఒట్టేసుకుని ఊరొదిలి ఎల్లిపోనాది."

హేమ చేతిలో గౌను నలిగిపోతోంది.

"అంటే..."

"అంటే మన తవిటమ్మ పుట్టింది ఈ ఇంట్లో కాదే, ఆవిడ కడుపున."