దొంగదగ్గు

మందంటే భయపడని ధైర్యశాలి దొడ్డి మొత్తంలో తానొక్కడేనని వరాలయ్య అనే పంది గొప్పగా చెప్పుకునేవాడు. కొంగ డాక్టరమ్మ ఆ మందుబిళ్ళను బెల్లంముద్దలో పెట్టి ఇచ్చేదన్న సంగతి మాత్రం చెప్పేవాడు కాదు. బెల్లం మీద మనసైనప్పుడల్లా ఒక దొంగదగ్గు దగ్గి, ఒక ముద్ద పుచ్చుకునేవాడు.

ఒకరోజు నిజంగానే జ్వరమొచ్చింది. ముద్ద మీద ముద్ద మింగినా తగ్గలేదు. కాళ్ళు వణికాయి, ఊపిరి బరువైంది. ఇక బతకనేమో అనుకుంటుంటే గొంతులోంచి ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఎవర్రా అది?"

"నేనే మామా, నీ గొంతులో కాపురముండే సూక్ష్మక్రిమిని. ఒకప్పుడు ఇక్కడ మాలో రకరకాల వాళ్ళుండేవాళ్ళు. నీ మందుకి అందరూ పోయారు. నేను కాస్త వేరే రకం, నన్నది ఏమీ చెయ్యలేకపోయింది. ఇప్పుడిక్కడున్నదంతా నా సంతానమే. నువ్వు మాత్రం ఆ ముద్దలు మానకు."

వరాలయ్య సిగ్గు చంపుకుని, డాక్టరమ్మకి దొంగదగ్గుల సంగతంతా చెప్పేశాడు.

"ముందే ఏడవొచ్చుగా, మొద్దూ," అంటూ ఆవిడ బెల్లం పక్కన పెట్టి, పరమ చేదుగా ఉన్న వేరే మందు పట్టింది. గొంతులో నవ్వు ఆగిపోయింది. వారం తిరక్కుండానే వరాలయ్య బురదలో పొర్లుతూ పాటలందుకున్నాడు.

ఇప్పుడు దగ్గొస్తే తిన్నగా కొంగ దగ్గరికే వెళ్ళి అడుగుతాడు. అది నిజం దగ్గో, బెల్లం మీద ఆశో తేల్చుకోవడం ఆయనకి ఇప్పటికీ చేతకాలేదు.