పిలిచిన చోటల్లా

సాయంత్రం నాలుగింటికల్లా ఒక పేరు హెడ్డాఫీసుకు వెళ్ళిపోతుంది. టీముకు ఒకరు చొప్పున ఇంటికి. ఇప్పటికే మూడు కావస్తోంది. స్యూ యిన్ కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోతోంది.

ఆ పేరు ఎవరిదో ఎవరూ చెప్పలేదు. చెప్పనక్కర్లేదు. ఏడాదిలో ఎవరు ఎన్నిసార్లు కోడ్ మార్చారో చూపే పట్టిక పొద్దున అందరికీ వచ్చింది. అట్టడుగున, అందరూ పక్చిక్, అంటే బాబాయ్, అని పిలిచే రోస్లీ. పేరు పక్కన సున్నా. ఆ సున్నా చూశాక స్యూ యిన్‌కి కళ్ళు మండిపోయాయి. మిగతా అంకెలు చూడనే లేదు, తనది కూడా.

ఆ పెద్దాయన మాత్రం పక్క సీట్లో తాపీగా కోపీ కప్పులో బిస్కెట్టు ముంచుకుంటున్నారు.

"కాళ్ళు అలా ఆడించకమ్మాయ్, బల్ల ఊగుతోంది. ఆ చెయ్యి సంగతేమైంది?"

చెయ్యి అంటే చిప్పుల్ని పట్టి పరీక్షకు దించే యంత్రం చెయ్యి. దాన్ని నడిపే కోడ్‌లో ఒక చిన్న ఫంక్షన్ దగ్గర, అంటే పదేపదే పిలిచి పని చేయించుకునే కోడ్ ముక్క దగ్గర, ప్రతిసారీ కాస్త ఆలస్యం. అదంతా పోగుపడి చెయ్యి గీత దాటి దిగుతోంది. నెల్లాళ్ళుగా స్యూ యిన్ దానితోనే కుస్తీ పడుతోంది.

"ఆగనంటోంది పక్చిక్."

ఆయన కుర్చీ జరుపుకుని వచ్చి, ఆమె కీబోర్డు మీదే, కోడ్‌ని యంత్రభాషలోకి మార్చే కంపైలర్‌కి ఆదేశంగా, 'ఇన్‌లైన్' అని ఒక్క మాట కొట్టారు.

"గుప్పెడంత ఫంక్షన్. దాన్ని లక్షసార్లు పిలవడం, అది వెళ్ళిరావడం, ఎందుకొచ్చిన తిరుగుడు? పిలిచిన చోటల్లా దాన్ని కరిగించి పోసెయ్యమన్నాను. ఇక రాకపోకల్లేవు."

చెయ్యి గీత మీదే ఆగింది. మార్పు స్యూ యిన్ పేరున నమోదైంది. ఏళ్ళ తరబడి ఆయనది ఇదే వరస. ఎవరు పిలిచినా వాళ్ళ సీటుకే వెళ్ళి, వాళ్ళ కీబోర్డు మీదే చేసిపెడతారు.

"ఇంక నీకు నేర్పడానికి నా దగ్గరేం లేదు," అన్నారు బిస్కెట్టు పొడి దులుపుకుంటూ.

ఆ మాటకు స్యూ యిన్ దిగ్గున లేచింది. డైరెక్టర్ పువాన్ నొరైని, అంటే నొరైని మేడమ్, గదిలోకి తలుపు కూడా తట్టకుండా దూరింది.

"పువాన్, ఆ సున్నా అబద్ధం."

"కూర్చో ముందు."

కూర్చోలేదు. "కరిగించిన ఫంక్షన్ పేరు వేగం కొలిచే పట్టికలో కనబడదు. దాని పనంతా పిలిచినవాళ్ళ పేరున పడుతుంది. పక్చిక్ కూడా అంతే. మా అందరి కోడ్‌లో ఉన్నాడాయన. పనిచెయ్యలేదని ఎలా అంటారు?"

పువాన్ కళ్ళజోడు తీసింది. "ఈ ముక్క నాకు నేర్పిందే ఆయన, నువ్వింకా బళ్ళో ఉన్నప్పుడు. సున్నా చూసి ఆయన పేరు రాసేంత పిచ్చిదాన్నా? నేను రాయలేదు."

స్యూ యిన్‌కి ప్రాణం లేచొచ్చింది. అప్పుడు కూర్చుంది.

"కానీ ఒకటి చెప్పు. పిలిచిన చోటల్లా పోసేశాక, విడిగా మిగిలిన ఆ అసలు ఫంక్షన్‌ని కంపైలర్ ఏం చేస్తుంది?"

కంపైలర్ మీద ఎవరేం అడిగినా స్యూ యిన్‌కి జవాబు నాలుక చివరే ఉంటుంది. "తీసేస్తుంది. అందరిలోనూ ఉన్నాక ఇంక దాంతో పనే..."

ఆమె తలుపు వైపు తిరిగి చూసింది.

"పొద్దున ఆ కుర్చీలోనే కూర్చుని ఆయనా అదే అన్నాడు," అంటూ పువాన్ హెడ్డాఫీసుకు వెళ్ళాల్సిన కాగితం ముందుకు తోసింది.

కాగితం మీద పక్చిక్ రోస్లీ పేరు ఆయన చేతిరాతలోనే ఉంది. దానికి పైన, అచ్చు అక్షరాల్లో ఉండి, అదే సిరాతో అడ్డంగా కొట్టేసిన పేరు స్యూ యిన్‌ది.