తాబేలు ఓటు

"మళ్లీ చిన్నదే నొక్కిండు!"

శ్యామల ఫోన్‌ను బియ్యం డబ్బా మీద కొట్టినంత పని చేసింది.

తెర మీద రెండు సబ్‌మెరైన్లు పక్కపక్కన తేలుతున్నాయి. పెద్దదానికి పన్నెండు టార్పెడోలు, చిన్నదానికి రెండే. జట్టులో ఇద్దరూ ఒకదానికే ఓటేస్తే గాని ఆట మొదలవదు. ఐదు నిమిషాల్లో తేల్చుకోకపోతే ఓడినట్టే. ఆటలో శ్యామల పేరు కెప్టెన్. నెల రోజులుగా ఆమెకు జత, ముఖం తెలియని ఒక 'తాబేలు'. ఆయన ఓటు ఎప్పుడూ చిన్నదానికే. ఆయన మాట విని చిన్నదాంట్లో పోయి, రెండు టార్పెడోలూ అయిపోయి, ఇదే దారిలో ఇద్దరూ ఇప్పటికి ఆరుసార్లు మునిగారు.

ఈ ఆట కూతురు లిఖిత పుణ్యం. గురుకులానికి పోతూ పోతూ ఇంట్లో ఉన్న ఫోన్లన్నింట్లో ఎక్కించి పోయింది, బోర్ కొట్టదని. బోర్ కొట్టడం లేదు గాని బీపీ పెరుగుతోంది.

"దారి ఇరుకు కెప్టెన్. ఇరుకుల పెద్దది తిరగదు," అని తాబేలు రాశాడు. "ఇన్నేండ్లు చీకట్లనే పనిచేసిన. నా మాట ఇను."

శ్యామల లెక్కలో ఆయన నేవీలో రిటైరై విశాఖలో ఉంటున్న మనిషి. రాత చూస్తే పుట్టింది మాత్రం ఇటువైపే. ఇల్లందులో కరెంటు పోయి, వైఫై ఆగి, మళ్లీ వచ్చాక ఆమె సంజాయిషీ రాసేలోపే "మాకు గూడ కరెంటు పోయింది" అని ఆయనే రాసేవాడు. అంత పెద్ద ఊళ్లోనూ ఇవే కోతలా అని ఆమె జాలిపడేది.

ఇంతలో భర్త తుల్సీరాం ఫోన్ చేశాడు. తండ్రి వదిలిన బొగ్గుబావి ఉద్యోగమే ఇతనికి వచ్చింది.

"అడిగినవా మామను?" అంది శ్యామల, హలో కూడా అనకుండా.

"ఏడ అడుగుదు? నేను లేసేసరికి ఆయన బయటికి పోయిండు. నేను తయారైనప్పుడు ఆయన పండుకున్నడు."

"పదిహేను దినాల సంది పండుకునే ఉన్నడా?"

"మంచి టైం చూడాలె కదనే. ఇగ కిందికి దిగుతున్న, ఫోన్ ఇక్కడనే పెట్టాలె."

"రేపు తొమ్మిదింటికి పోకుంటే ఆ బడోళ్లు ఇంకొకళ్లను పెట్టుకుంటరట!"

"గంత తొందరుంటే నువ్వే అడుగరాదు," అని నవ్వి పెట్టేశాడు.

అదే కుదరదు. వీళ్లలో కోడలు మామతో మాట్లాడదు. ఎదురుపడితే కొంగు ముఖం మీదికి లాక్కొని పక్కకు తప్పుకోవాలి. తండా వదిలి ఇల్లందులో మేడ కట్టుకున్నా, ఆ పద్ధతి సామాన్లతో పాటే లారీ ఎక్కి వచ్చింది. పన్నెండేళ్లలో శ్యామల, మామ దేవ్లా ఒక్క మాట అనుకున్నది లేదు. ఏదైనా చెప్పాలంటే మధ్యలో అత్త సోమ్లి ఉండాలి. ఆమె కూతురి కాన్పుకని దమ్మపేట పోయి నెలయింది.

అప్పటినుంచి ముందుగదిలో దేవ్లాకు చాయ్ కావాలంటే స్టీలు గ్లాసు మీద ఉంగరంతో మూడుసార్లు కొడతాడు. బీఎస్సీ మ్యాథ్స్ చదివిన శ్యామల మూడు దాకా లెక్కపెట్టి స్టవ్ వెలిగిస్తుంది. ఆ డిగ్రీకి ఇంట్లో మిగిలిన పని అదే. చాయ్ తాగాక ఆయన చెవుల్లో వైర్లు పెట్టుకుంటాడు. పొద్దుగూకే దాకా భజనలేనని శ్యామల అంచనా.

ఆటలో ఇంకా రెండు నిమిషాలున్నాయి.

"చిన్నది నొక్కు కెప్టెన్."

"నొక్క! నా బతుకుల అన్నీ చిన్నవే. గీ ఆటలనన్న పెద్దది ఎక్కనియ్యండి."

"గింత కోపం నా మీదనేనా?"

"మా మామ మీద. బడిల లెక్కలు చెప్పే నౌకరి వచ్చింది. ఆయన ఊ అంటే చాలు. అనడు."

"అడిగినవా?"

"మా దాంట్ల కోడలు మామతోటి మాట్లాడొద్దు."

"అడగకుంటనే అనడు అంటే ఎట్ల?"

"ఆయనకు నోరుంటే కద! ఉంగరంతోటి గ్లాసు మీద టింగు టింగుమని కొడ్తడు, నేను చాయ్ పట్టుకొని ఉరకాలె. గుడిల గంట కొడితే దేవుడన్న తీరుబడిగ వస్తడు."

తెర మీద అంకెలు తగ్గిపోతున్నాయి. ముప్పై. ఇరవై. సరిగ్గా ఆరు దగ్గర తాబేలు ఓటు పెద్దదానికి మారింది.

ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. రెండు దీవుల నడుమ పెద్ద సబ్‌మెరైన్ మలుపు తిరగలేక అడ్డంగా ఇరుక్కుంది. పన్నెండు టార్పెడోలూ లోపల భద్రంగా ఉండగానే మునిగిపోయింది.

"తెలిసి తెలిసి ఎందుకు ఒప్పుకున్నరు?" అని విసురుగా టైపు చేసింది శ్యామల.

"నువ్వు అడిగినవ్ కద," అని రాసి తాబేలు వెళ్లిపోయాడు.

ఆమెకు ఒళ్లు మండింది. అడిగిందే తడవు ఇచ్చేవాళ్లు తనకు ఆటలోనే దొరకాలా, అదీ ముంచడానికి!

గడియారం నాలుగున్నర చూపిస్తోంది. రోజూ నాలుగింటికే మోగే గ్లాసు ఇవాళ మోగలేదు. మోగితే ఒక చిరాకు, మోగకపోతే ఇంకో చిరాకు. పిలవకపోయినా చాయ్ పెట్టి, చేతికొచ్చినంత చక్కెర పడేసి, కొంగు లాక్కొని గ్లాసు ముందుగది గడప మీద పెట్టింది. దేవ్లా ఎప్పటిలాగే చెవుల్లో వైర్లతో ఫోన్ మీదికి వంగి ఉన్నాడు. తల ఎత్తలేదు.

ఇక లాభం లేదు. రేపు రాలేనని బడివాళ్లకు చెప్పేద్దామని వంటింట్లోకి వచ్చి నంబరు వెతుకుతుంటే, చేతిలో ఫోన్ గుర్రుమంది. తాబేలు దగ్గర్నుంచి.

"చాయ్‌ల చక్కెర ఎక్కువైంది కెప్టెన్, రేపు బడికి జల్దీ పో."