పదిహేడు నంబరు బోల్టు

రెంచీ మళ్ళీ జారింది. గుర్వయ్య పిడికిలి ఇనుముకు కొట్టుకుని తోలు లేచింది.

"ఇంకెంతసేపు?" కారు పక్కన ఇనుపరాడ్డు పట్టుకుని నిలబడ్డ విజేందర్ అరిచాడు. "చెయ్యి మీద ఆశ ఉంటే జల్ది తీయ్!"

కారు కింద పడుకున్న గుర్వయ్య రెంచీని మళ్ళీ బోల్టు తలకు ఆనించాడు. తన కుడిచెయ్యి ఉంటుందో విరుగుతుందో ఆ ఒక్క బోల్టే చెప్పాలి.

నాలుగు నెలల క్రితం ఇదే కారు చిట్యాల దాటాక హైవే మీద పల్టీ కొట్టింది. పరుగులో ఉండగానే గేర్‌బాక్సు ఊడి కిందికి జారింది. విజేందర్ తొమ్మిదేళ్ల కూతురు మెర్సీ అక్కడికక్కడే పోయింది. విజేందర్ తలకు పద్నాలుగు కుట్లు పడ్డాయి. ఆ రోజు జరిగిందేదీ అతనికి గుర్తు లేదు. భార్య కరుణకు దెబ్బలేమీ తగల్లేదు. మాట మాత్రం పడిపోయిందన్నారు. అప్పటినుంచి ఆమె నోరు తెరవలేదు.

ప్రమాదానికి వారం ముందు ఆ గేర్‌బాక్సును బిగించింది గుర్వయ్య.

"బోల్టులు సక్కగ బిగియ్యక నా బిడ్డను సంపిండు" అని విజేందర్ ఊరూరా చెప్పాడు. గుర్వయ్య షెడ్డుకు బండ్లు రావడం ఆగిపోయింది. చివరికి పెద్దమనుషుల ముందు గుర్వయ్యే తేల్చి చెప్పాడు.

"కారుకు వేరే గేర్‌బాక్సు ఎక్కిస్త. పాతది మీ ముంగట్నే దించుత. తప్పు నాదైతే నా చెయ్యి ఇరగ్గొట్టుండ్రి."

నాలుగు బోల్టుల్లో మూడు ఆ రోజే రోడ్డు మీద రాలిపోయాయి. మిగిలిన ఈ ఒక్కటీ దెబ్బకు వంగి, వానలకు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. మూలలన్నీ అరిగి తల గుండ్రంగా తయారైంది. ఏ పానా పెట్టినా నిలవడం లేదు.

"కోసి పారెయ్యరాదుర!" పెద్దమనిషి ఐలేశం విసుక్కున్నాడు. "పొద్దటి సంది చాయ్‌లు తాగి తాగి నా కడుపు చెరువైంది."

"కోస్తే గవాయి పోతది మామా. నా దిక్కు మాట్లాడేటిది గీ బోల్టు తల ఒక్కటే."

రెండు పక్కలే రెంచీతో పట్టాలి. మిగతా నాలుగు పక్కలు ముట్టకుండా తీయాలి. గుర్వయ్య గ్యాస్ మంట పెట్టాడు. బోల్టు బాగా వేడెక్కాక కొవ్వొత్తి ముక్క ఆనించాడు. మైనం కరిగి మరల్లోకి దిగింది. తల మీద సుత్తితో నిదానంగా నాలుగు దెబ్బలు వేశాడు. మళ్ళీ రెంచీ పట్టాడు.

విజేందర్ రాడ్డును నేలకేసి కొడుతున్నాడు. వెనక ప్లాస్టిక్ కుర్చీలో కరుణ కదలకుండా కూర్చుంది. ఆమె చూపు బోల్టు మీద లేదు. భర్త మీద ఉంది.

కిర్రుమంది. పావు చుట్టు తిరిగింది. ఇంకో పావు. అంతే, ఊడి చేతిలోకి వచ్చింది.

గుర్వయ్య బయటికొచ్చి, బోల్టును గుడ్డతో తుడిచి ఐలేశం అరచేతిలో పెట్టాడు.

"మూలలు ఏ దిక్కు అరిగినయో చూడు మామా. ఇప్పేటప్పుడు గాదు, బిగించేటప్పుడు అరిగినయ్. ఇది పదిహేడు నంబరు బోల్టు, మిల్లీమీటర్ల కొలతది. పదిహేడు పానా పెడితే గిట్ల అరగదు. ఇంచుల కొలత పానా పెట్టిండ్రు, ట్రాక్టరుది. అది జర పెద్దగుంటది. బిగిసినట్టే అనిపిస్తది గని జారుతది. నేను బిగించినంక ఎవరో ఇప్పి మళ్ల బిగించిండ్రు. నా షెడ్డంత ఎతుకుండ్రి, ఇంచుల పానా ఒక్కటి దొరికితే నా చెయ్యి తీస్కోండ్రి."

ఐలేశం ముప్పై ఏళ్లు ట్రాక్టరు తోలినవాడు. కళ్లద్దాలు పెట్టుకుని బోల్టును రెండుసార్లు తిప్పి చూశాడు.

"నిజమేరా. ట్రాక్టరు పానానే."

అందరి కళ్లూ పరమేష్ వైపు తిరిగాయి. విజేందర్ ట్రాక్టరు నడిపేది అతనే.

"నేను గాదన్నా!" పరమేష్ ముఖం పాలిపోయింది. "ఆ వారమంత నేను తిరుమలగిరిల మా అత్తగారింట్ల ఉన్న. కరుణ వదిన్ని అడుగు!"

"మాట రాని మనిషిని సాక్షి పెడ్తవార, లుచ్చా!"

విజేందర్ రాడ్డెత్తాడు. ఐలేశం అడ్డం పడ్డాడు.

"ఆగురా! నాలుగు నెలలు గుర్వయ్యను తిట్టినవ్. ఏమైంది? ఇప్పుడు వీన్ని కొడ్తవా? రేపు ఇంకొకడని తేల్తే?"

విజేందర్ రొప్పుతూ ఆగాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తేల్నీ మామా. వాడు ఎవడన్న గానీ, నా తోడబుట్టినోడే గానీ... మా మెర్సీ మీద ఒట్టు! వాని చెయ్యి గిక్కడ్నే, మీ అందరి ముంగట ఇరగాలె. అడ్డమొచ్చినోడు నాకు పగోడు."

"మాట తప్పవు గదా?" ఐలేశం అడిగాడు.

"తప్ప!"

కరుణ కుర్చీలోంచి లేచింది. జనం దారి ఇచ్చారు. నేరుగా వచ్చి భర్త చేతిలోని రాడ్డు అందుకుంది. బిడ్డ కోసం తల్లే కొడుతుందనుకుని విజేందర్ వదిలేశాడు. పరమేష్ రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు.

ఆమె పరమేష్‌ను దాటి వెళ్లింది. రాడ్డును గుర్వయ్య చేతిలో పెట్టింది.

"గీ ఒట్టు ఈయన నోటెంట వచ్చేదాంక నా నోరు నేనే కట్టేసుకున్న గుర్వయ్యన్నా, ఇగ కొట్టు... మెర్సీ పోయిన పొద్దు, బయలెల్లే ముంగట కారుల చప్పుడొస్తాందని, తాగిన మత్తుల ట్రాక్టరు పానా తెచ్చి నాలుగు బోల్టులు తిప్పింది నా మొగుడు విజేందరే!"