జిప్పులమ్మాయికి బదులు

స్కూలు సంచులు కుట్టే ఆ షెడ్డులో పొద్దున్నే మిషన్లన్నీ ఆగిపోయాయి. కరెంటు పోయి కాదు. ఓనరు చప్పట్లు చరిచి అందరినీ కట్టింగ్ బల్ల చుట్టూ పిలిచాడు.

"లేబర్ ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడట. ఎప్పుడైనా ఊడిపడొచ్చు. అతను ఏం అడిగితే ఏం చెప్పాలో ఇప్పుడే నేర్చుకోండి. తీరా వచ్చాక నీళ్ళు నమలొద్దు."

ఓనరు చెడ్డవాడేం కాదు. నవ్వుతూ నవ్విస్తూ ఉంటాడు. కాకపోతే జీతాల లిస్టులో అందరినీ కాంట్రాక్టు కింద రాయించాడు. ఎవరికి వాళ్ళే యజమానులట, వీలున్నప్పుడు వచ్చి కుట్టి వెళ్తారట. అందుకని ఎవరికీ సెలవుల్లేవు. ఆ లిస్టులో పర్మినెంటు ఉద్యోగి ఒక్కడే, ఓనరు బావమరిది. లిస్టు రాసేది కూడా అతనే. భోజనం అయ్యాక అతను తీసే కునుకు కూడా పర్మినెంటే.

చిక్కంతా జిప్పులమ్మాయితో వచ్చిపడింది. సంచులకు జిప్పులు కుట్టడంలో ఆమె చేతికి తిరుగులేదు. అందుకే ఆ పేరు. ఇప్పుడామెకు నెలలు నిండాయి. కూర్చుంటే పొట్ట మిషనుకు తగులుతోంది. కాన్పుకు జీతంతో సెలవు ఇవ్వమనీ, తిరిగొచ్చేదాకా తన మిషను తనకే ఉంచమనీ పోయిన వారం అడిగింది. అవి లేకపోతే పచ్చి బాలింతగానే పరుగెత్తుకు రావాలి. అంత పసిగుడ్డును ఎవరి ఒళ్ళో పెట్టి రావాలో తోచక ఆమెకు కంటి మీద కునుకు లేదు.

"సెలవు ఇవ్వడానికి నువ్వు ఉద్యోగివి కావు కదమ్మా, కాంట్రాక్టువి. రాలేకపోతే నీ బదులు ఇంకెవరినైనా పంపించు. నేనేమైనా కాదన్నానా?" అన్నాడు ఓనరు.

మర్నాడు ఆమె నలతగా ఉందని ఒక పూట రాలేదు, అంతే. ఇవాళ మాత్రం బదులు మనిషిని వెంటబెట్టుకుని వచ్చింది.

వచ్చినావిడకు యాభై దాటి ఉంటాయి. కళ్ళజోడు, భుజాన గుడ్డసంచి. నువ్వు ఈ పిల్లకు ఏమవుతావని కట్టింగ్ మాస్టరు అడిగితే, "పెద్దమ్మా అని పిలుస్తోందండీ" అంది. సూదిలో దారం ఎక్కించడానికే ఆపసోపాలు పడింది. మొదటి జిప్పును తలకిందులుగా కుట్టింది. ఆ సంచీని తెరవాలంటే పిల్లలు శీర్షాసనం వెయ్యాలని ఎవరో అంటే షెడ్డంతా నవ్వింది. పెద్దమ్మ కూడా నవ్వింది.

ఓనరు రిహార్సల్ మొదలుపెట్టాడు. పాతవాళ్ళు గడగడా అప్పజెప్పేశారు. పెద్దమ్మ దగ్గరికొచ్చేసరికి బండి ఆగింది.

"ఎన్నింటికి వస్తావు పనికి?" ఓనరు ఇన్‌స్పెక్టరులా గొంతు బొంగురు చేసి అడిగాడు.

"తొమ్మిదింటికల్లా రమ్మన్నారు కదండీ."

"అదే వద్దు. నాకు వీలైనప్పుడు వస్తాను అనాలి."

"మరి తొమ్మిది దాటితే గేటు వేసేస్తామన్నారు?"

"వేసేస్తాం. అది నిజం. వీలైనప్పుడు రావడం అనేది ఇన్‌స్పెక్టరు కోసం. రెండూ కలిపి కలగాపులగం చెయ్యకు పెద్దమ్మా."

పెద్దమ్మ బుద్ధిగా తల ఊపింది. మిషను నాదే అని చెప్పాలని ఓనరు నేర్పాడు. నిజానికి ఎవరిదండీ అని ఆవిడ అడిగింది. మిషను, దారం, జిప్పులు, ఆఖరికి ఆవిడ కూర్చున్న స్టూలు కూడా తనదేనని ఓనరు ఓపిగ్గా విడమరిచాడు. వేరే షెడ్లలో కూడా కుడుతుంటానని చెప్పమన్నాడు. నిజంగా కుట్టుకోవచ్చా అని ఆవిడ ఆశగా అడిగింది. కుడితే మర్నాడు గుమ్మం తొక్కనివ్వనన్నాడు.

బావమరిది కుర్చీలో వెనక్కి వాలి అందుకున్నాడు.

"ఇందులో అర్థం కాకపోవడానికేముంది పెద్దమ్మా. వీళ్ళంతా అన్ని రకాలుగా మా మనుషులే. ఒక్క లిస్టులో తప్ప."

"ఇంత వివరంగా ఎవరు చెబుతారు బాబూ" అంది ఆవిడ, ఎంతో మెచ్చుకోలుగా.

తలుపు పక్కన స్టూలు మీద జిప్పులమ్మాయి పొట్ట మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. పెద్దమ్మ నోరు తెరిచినప్పుడల్లా ఆమె పెదవి కొరుక్కుంటోంది. ఈ మతిమరుపు మనిషిని తెచ్చి పిల్ల ఉన్న పని కూడా పోగొట్టుకునేలా ఉందని తోటివాళ్ళు గుసగుసలాడారు. కట్టింగ్ మాస్టరు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

"కంగారుపడకు తల్లీ. మీ పెద్దమ్మకు వచ్చేస్తుందిలే."

భోజనాల వేళకి ఓనరు గొంతు నిజంగానే బొంగురుపోయింది. ఆఖరిసారి అని మళ్ళీ మొదటి నుంచీ అడిగాడు. ఈసారి పెద్దమ్మ ఏది నిజమో, ఏది చెప్పాల్సిందో, ఎక్కడా తొట్రుపడకుండా విడివిడిగా అప్పజెప్పింది. గేటు సంగతి కూడా వదల్లేదు.

ఓనరు మురిసిపోయాడు. తన శిష్యురాలిని చూడమన్నట్టు అందరి వంకా చూశాడు.

"శభాష్ పెద్దమ్మా. రేపు ఇన్‌స్పెక్టరు ముందు కూడా ఇలాగే తడుముకోకుండా ఉండాలి."

పెద్దమ్మ కళ్ళజోడు తుడిచి పెట్టుకుంది. గుడ్డసంచి భుజాన తగిలించుకుని, జిప్పులమ్మాయిని చూసి చిన్నగా తలాడించింది.

"రేపు మా ఆఫీసు నుంచి ఇంకెవరూ రారండీ, ఇవాళ నేనే వచ్చేశాను."