వెనకాల చప్పుడు

బావ పిడికిలి వెనక్కి తీసేసరికి బావమరిది ముక్కులోంచి రక్తం బొటబొటా కారుతోంది.

"కొట్టు, ఇంకా కొట్టు," అన్నాడు బావమరిది, చొక్కా చేతికి ముక్కు తుడుచుకుంటూ. "ఎన్ని గుద్దినా నీ నల్లపెట్టె తెల్లబడదు. మా అక్క నోట్లో దూది కుక్కి పాడించినట్టుంది."

"నీ తెల్లపెట్టె మహా గొప్పది మరి! రేకు మీద గోరుతో గీకినట్టుంది. ముందు చెవుల్లో గుబిలి తీయించుకో పో!"

ముందుగదిలో, స్పీకర్ల మధ్య బల్ల మీద ఉన్నాయి ఆ రెండు పెట్టెలూ. ఒక్కోటీ ఇటుకంత. కంప్యూటర్లో అంకెలుగా ఉన్న పాటను మళ్లీ పాటగా మార్చి స్పీకర్లకు అందించే సరంజామా. డాక్ అంటారు. "రెండూ ఇంట్లో పెట్టి వినండి, నచ్చింది ఉంచుకుని రెండోది తెచ్చిచ్చేయండి," అన్నాడు కొట్టతను. పొద్దున్నుంచీ ఇద్దరూ వింటున్నది ఒకే ఒక్క జోలపాట. పోయిన ఇల్లాలి పెట్టెలో, చీరల అడుగున దొరికిన క్యాసెట్టు లోనిది. ఆమె గొంతు లోకంలో ఇంకెక్కడా మిగల్లేదు. అందుకే అది ఏ పెట్టెలోంచి వస్తే అసలు మనిషిలా ఉంటుందో తేల్చుకోవాలని బావ పట్టుదల.

"గొంతు సంగతి నాకు చెబుతావా నువ్వు?" అన్నాడు బావ. "క్యాసెట్టును కంప్యూటర్లోకి ఎక్కించి, వారం రోజులు కూర్చుని వెనకాల చప్పుళ్లన్నీ ఏరిపారేశాను. ఒక్కో అక్షరం నాకు కంఠతా వచ్చు. ఆమె గొంతంటే మెత్తన. వెన్న. అది నల్లదాంట్లోనే ఉంది."

"మెత్తనా?" బావమరిది నల్లపెట్టెకున్న తీగ పీకి తెల్లపెట్టెకు గుచ్చాడు. పాట మొదలైంది. "విను! ఊపిరి పీల్చడం కూడా వినబడుతోంది. ఇదీ మా అక్క. నన్ను చంకనేసుకు పెంచిన మనిషి, నాకు తెలీదా? కంచుగంట ఆ గొంతు. మెత్తబడిందంటే నీ ఇంటికొచ్చాకే మెత్తబడింది. అంతా నీ చేతి చలవే కదా, బావా!"

ఆ మాట పెట్టె గురించి కాదని ఇద్దరికీ తెలుసు.

బావ ఎగిరి అతని గొంతు పట్టుకున్నాడు. తల గోడకేసి కొట్టాడు. గోడ మీది గడియారం రాలి పగిలింది. బావమరిది మోకాలితో పొట్టలో పొడిచాడు. చేతికందిన నల్లపెట్టె ఎత్తి నుదుటి మీద ఒక్కటిచ్చాడు. దాని మూల దిగి కనుబొమ్మ చీలింది. పెట్టె మూత ఊడి, లోపలి పచ్చటి సర్క్యూట్ రేకు ముక్కలై చెదిరిపోయింది.

"ఏది మెత్తన ఇప్పుడు? చెప్పు, ఏది మెత్తన?"

ఒక కంట్లోకి రక్తం దిగుతుంటే బావకు ఏమీ కనబడలేదు. చేతికి ఓ తీగ తగిలింది. దాన్ని బావమరిది మెడకు రెండు చుట్లు చుట్టి, వీపు మీద మోకాలు ఆనించి లాగాడు. ఒక స్పీకరు బోర్లా పడిపోయింది. రెండోది మాత్రం తన పాటికి తాను జోకొడుతూనే ఉంది. బావమరిది కాళ్లు నేలను తన్నుకుంటున్నాయి. ఆ పాటలో ఊపిరి ఎక్కడెక్కడ ఆగుతుందో బావకు తెలుసు. అక్కడక్కడే తీగ ఇంకాస్త బిగిస్తున్నాడు.

"వదలండి! చచ్చిపోతాడు బాబూ, వదలండి!"

పెరటి గుమ్మంలో అత్తగారు. గొంతుకు ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ ఆవిడ మాట మాటలా రాదు, గాలిలా వస్తుంది. కూతురి పాట వినే గుండె తనకు లేదని, ఈ గదిలో పెట్టె మోగితే చాలు పెరట్లోకి వెళ్లిపోయే మనిషి. చప్పుడుకు పరుగెత్తుకొచ్చింది.

బావ చేతులు సడలాయి. బావమరిది బోర్లా పడి, దగ్గుతూ, గాలి కోసం నోరు తెరిచాడు. ఆవిడ వచ్చి కొడుకు మెడ మీది తీగ విప్పింది. విప్పుతూ విప్పుతూ ఆగిపోయింది. నిలబడి ఉన్న ఒక్క స్పీకరు వైపు తల తిప్పి, పాట అయిపోయేదాకా కదల్లేదు.

"మధ్యలో నవ్వు ఉండాలే?" అంది. "పకపకమని. ఏదీ?"

"ఉండేదత్తయ్యా," అన్నాడు బావ, కన్ను తుడుచుకుంటూ. "పాట పాడైపోతోందని నేనే కోసేశాను."

"తీసెయ్యమంది నేనేనమ్మా," అన్నాడు బావమరిది బొంగురుగా. ఈ పాట విషయంలో ఇద్దరికీ పొత్తు కుదిరింది ఆ ఒక్క దాంట్లోనే. "ఎవరో పక్కింటావిడ... వెనకాల ఒకటే ఇకిలింపు."

"అసలు క్యాసెట్టో?"

"టేపు నలిగి తెగిపోయింది. పారేశాను," అన్నాడు బావ. "పోనీలెండి అత్తయ్యా, మీ అమ్మాయి గొంతు దక్కింది, అదే పదివేలు."

ఆవిడ నేల మీద చతికిలబడింది. చేతిలో తీగ అలాగే ఉంది.

"పాడింది నేను బాబూ. ఆ నవ్విందే అమ్మాయి."