పదమూడో పేరు

వర్క్‌షాపు గేటు దగ్గర సొలొమోను రసగుల్లాల కుండ పట్టుకుని నిలబడ్డాడు. షిఫ్టు దిగి వచ్చే ప్రతివాడికీ ఒకటి.

"ఏటి విశేషం?" అన్నాడు అతనితో పనిచేసే ఎర్రయ్య.

"మా సొర్ణకి ఇంజినీరింగ్ పరీచ్చలో రేంకొచ్చింది. నాలుగొందల పదకొండు."

"ఆడపిల్లకా?"

"ఆడపిల్లకే. మెకానికల్ సదువుతాదంట."

ఎర్రయ్య రసగుల్లా నోట్లో పెట్టుకోకుండా కాసేపు అలాగే చూశాడు.

"అలగైతే రేపు మన మీదకి ఆఫీసరై వత్తాదన్నమాట," అని, రెండోది కూడా తీసుకున్నాడు.

అది 1986 జూన్. సొలొమోను బెంగాల్లో, ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో వ్యాగన్లు బాగుచెయ్యబట్టి ఇరవై రెండేళ్లు.

ఊళ్లోనే ఉన్న పెద్ద కాలేజీ పరీక్ష వేరు. అందులో స్వర్ణకుమారికి రాలేదు. ఈ ర్యాంకు కలకత్తా అవతల ఇంకో కాలేజీకి.

జూలైలో పిలుపు వచ్చింది. తండ్రీకూతుళ్లు తొలి లోకల్ రైలు ఎక్కారు.

కాలేజీ నోటీసుబోర్డు మీద అమ్మాయిల పేర్లు పదమూడున్నాయి. పన్నెండో పేరు కింద ఎర్రగీత.

గీత కింద స్వర్ణకుమారి.

గుమాస్తా పెద్దాయన. విసుక్కోలేదు.

"అమ్మాయిల హాస్టల్లో పన్నెండే మంచాలు," అన్నాడు బెంగాలీలో. "హాస్టల్లో చోటు లేక, ఊళ్లో చుట్టాలూ లేకపోతే అమ్మాయిని చేర్చుకోం. రూలు."

"మరి మగపిల్లలకి, దాదా?"

"వాళ్లకి నాలుగు హాస్టళ్లు. తొమ్మిదివందల ర్యాంకు దాకా పిలుస్తున్నాం."

సొలొమోను తనకొచ్చిన బెంగాలీ అంతా వాడాడు. నేల మీద పడుకుంటుందన్నాడు. వరండా అయినా ఫరవాలేదన్నాడు. రోజూ రైల్లో వస్తుందన్నాడు.

గుమాస్తా టైంటేబుల్ చూపించాడు. ఉదయం ఏడింటికి లేత్ క్లాసు. తొలి లోకల్ పట్టుకున్నా ఇక్కడికి చేరేసరికి ఎనిమిది దాటుతుంది.

"పన్నెండో అమ్మాయి ఇంకా రాలేదు," అన్నాడు చివరికి. "నాలుగింటి దాకా కూర్చోండి. రాకపోతే ఆ చోటు మీదే."

వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. బయట వాన.

అబ్బాయిలు తండ్రులతో లోపలికి వెళ్తున్నారు, రసీదులతో బయటికి వస్తున్నారు. ఒకడి కాగితం మీద 870 అని ఉంది. స్వర్ణ చూసి తల తిప్పుకుంది.

తల్లి దేవమణి కట్టిచ్చిన రొట్టెల పొట్లం ఇద్దరి మధ్యా అలాగే ఉంది.

మూడున్నర అయింది.

"పెబువు సూత్తాడులే," అన్నాడు సొలొమోను. కళ్లు మూసుకున్నాడు. ఏమని ప్రార్థించాలో తోచక మళ్లీ తెరిచాడు.

నాలుగింటికి పన్నెండు నిమిషాలుందనగా ఒక ముసలాయన, ఒక అమ్మాయి వానలో పరుగున వచ్చారు. మోకాళ్ల దాకా బురద. అమ్మాయి చెప్పులు చేత్తో పట్టుకుంది.

"పురూలియా బండి ఐదు గంటలు లేటు," అన్నాడు ముసలాయన ఆయాసపడుతూ. "అమ్మాయిల అడ్మిషన్ ఎక్కడ, దాదా?"

సొలొమోను చెయ్యి లేచింది. మైదానం అవతల లైబ్రరీ వైపు చూపించింది.

వాళ్లు అటు పరుగెత్తారు.

స్వర్ణ తండ్రి చేతిని చూసింది. ముఖం చూడలేదు. లేచి వానలోకి దిగింది.

"అటు కాదు," అని బెంగాలీలో కేకేసింది. "ఇటు రండి."

అడ్మిషన్ గది అక్కడికి ఇరవై అడుగులు. ఆ అమ్మాయి స్వర్ణ చెయ్యి పట్టుకునే నడిచింది.

"నువ్వూ మెకానికలేనా? అయితే మనిద్దరం ఒకే గది అడుగుదాం."

"నేను చేరడానికి రాలేదు," అంది స్వర్ణ.

గుమాస్తా తలెత్తి స్వర్ణను చూశాడు. గోడ గడియారం చూశాడు. రిజిస్టరు తెరిచాడు.

ఇద్దరూ తిరుగు లోకల్ ఎక్కారు.

"నాను..." అన్నాడు సొలొమోను ఒకసారి.

"రొట్టె తిను నాన్నా," అంది స్వర్ణ పొట్లం విప్పి.

పాన్‌స్‌కురా స్టేషను దాటాక అడిగాడు. "ఆ పిల్ల పేరేటమ్మా?"

"ఝర్ణా. ఝర్ణా మాహతో."

మర్నాడు వర్క్‌షాపులో ఎర్రయ్య పని ఆపి వచ్చాడు. "ఎప్పుడు సేరతాది పిల్ల?"

"మంచం లేదంట," అన్నాడు సొలొమోను.

ఎర్రయ్యకి అర్థం కాలేదు. చుట్టూ ఉన్న ఇనప రేకుల్నీ, గొట్టాల్నీ చూశాడు.

"మంచవేటి? మనం సేసియ్యలేవా?"

సొలొమోను స్పానరు తీసుకుని వ్యాగను కిందికి దూరాడు.

శనివారం స్వర్ణ ఊళ్లో డిగ్రీ కాలేజీకి వెళ్లి బీయస్సీ ఫారం నింపి వచ్చింది. ఆ కాలేజీకి వెళ్లాలంటే మంచం అక్కర్లేదు.

ఆదివారం తెలుగు చర్చిలో, ఎవరికోసం ప్రార్థన చెయ్యాలో పేర్లు చెప్పమన్నారు పాస్టరుగారు. ఎవరిదో జ్వరం. ఎవరిదో ఆపరేషను. ఒకరి ట్రాన్స్‌ఫరు.

దేవమణి మొగుడి మోచెయ్యి తట్టింది, కూతురి పేరు చెప్పమన్నట్టు.

సొలొమోను లేచి నిలబడ్డాడు. స్వర్ణ అప్పటికే కళ్లు మూసుకుని ఉంది.

"ఝర్ణా మాహతో," అన్నాడు. "పురూలియా."